తాళంచెవి ఎవరి చేతిలో?

*నూరేళ్ళ కిందట గ్రంథాలయం పేరుతో తెలుగు యువకులు తమకో చావడి తామే కట్టుకున్నారు. ముందు మనుషులు చేరారు, తర్వాత పుస్తకాలు చేరాయి, గోడలు అన్నిటికన్నా ఆఖరున లేచాయి.*

సాయంత్రం ఆరు దాటాక ఏ పల్లెలోనైనా కుర్రాళ్ళు ఎక్కడ దొరుకుతారో అందరికీ తెలుసు. కాలవ వంతెన పిట్టగోడ మీద, బస్టాపు అరుగు మీద, టీకొట్టు ముందు, బడి ప్రహరీ పక్కన ఆపిన బళ్ళ మీద. అమ్మాయిలు ఎక్కడ దొరుకుతారంటే మాత్రం జవాబు లేదు. ఇంట్లో తప్ప వాళ్ళు నలుగురూ కలిసి కూర్చునే చోటు ఊళ్ళో లేదు. అదే ఊళ్ళో చాలాచోట్ల ఓ కమ్యూనిటీ హాలు ఉంటుంది. గోడకి నల్లరాతి ఫలకం, దాని మీద ప్రారంభించినవాళ్ళ పేర్లు, హోదాలు, తేదీ. తలుపుకి తాళం. పోలింగుకో, వైద్య శిబిరానికో, ఎవరింట్లోనైనా పెళ్ళికో తీస్తారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే ఒకరు ఇంకొకరి పేరు చెబుతారు.

వంతెన మీది కుర్రాళ్ళని సోమరులనీ, ఫోను తప్ప మరో లోకం ఎరగరనీ పెద్దలు తిడుతుంటారు. నాకా తిట్టు అన్యాయంగా తోస్తుంది. కూర్చోడానికి చోటు ఇవ్వకుండా, కూర్చున్న చోటుని చూసి తప్పుపట్టడం ఏం న్యాయం? పోనీ ఇవ్వాల్సింది చోటు ఒక్కటేనా అంటే, అదీ కాదు. ఇచ్చిన చోట్లు తాళాలతో కళ్ళముందే ఉన్నాయి. కావాల్సింది ఏమిటో తెలియాలంటే మన ఊళ్ళలోనే, మన వాళ్ళే, ఇదే వయసులో చేసిన ఒక పనిని దగ్గరగా చూడాలి. బడి పుస్తకాల్లో దానికి 'గ్రంథాలయోద్యమం' అని పేరు పెట్టి నాలుగు తేదీలతో సరిపెట్టారు. నిజానికి అది యువకులు తమకోసం, ఊరికోసం ఒక కూడలి కట్టుకున్న కథ.

అద్దె లేని గదుల కాలం

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. రంగారావు 1877లో పుట్టారు. ఆయనతోపాటు దీనికి నడుం కట్టిన కొమర్రాజు లక్ష్మణరావు పుట్టిందీ 1877లోనే. అంటే ఇద్దరికీ ఇంచుమించు ఇరవై నాలుగేళ్ళు. మునగాల రాజా నాయని వెంకట రంగారావు కూడా వాళ్ళ ఈడువాడే, ఆ జట్టులోని వాడే. నిజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, చదువుల భాష ఉర్దూ. తెలుగులో నలుగురు కూర్చుని మాట్లాడుకోడానికి, ఒక తెలుగు పత్రిక చేతిలోకి తీసుకోడానికి నగరంలో ఒక చోటంటూ లేదు. ఆ లోటు చూసిన కుర్రవాళ్ళు దర్బారుకి అర్జీ పెట్టలేదు. తమలో ఒకరి ఇంటి గదిని వాడుకున్నారు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. సుల్తాన్ బజార్లో ఇప్పుడు మనం చూసే ఆ భవనం 1921 నాటిది. గది తలుపు తెరవడానికీ సొంత గోడలు లేవడానికీ మధ్య ఇరవై ఏళ్ళు నడిచాయి. ఈలోగా రంగారావు 1910లో, నిండా ముప్పై నాలుగేళ్ళు రాకుండానే పోయారు. ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు నిలయాన్ని వదిలెయ్యలేదు, సొంత భవనం కోసం విరాళం ఇచ్చారు. గోడ లేని ఆ ఇరవై ఏళ్ళలో నిలయం ఊరకే లేదు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం వెలిసింది. 1906లో లక్ష్మణరావు, ఆయన మిత్రులు విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి చరిత్ర, విజ్ఞాన శాస్త్ర పుస్తకాలు తెలుగులో అచ్చువెయ్యడం మొదలుపెట్టారు. భవనం లేదని ఏ పనీ ఆగలేదు.

మన కాలంలో వరస తిరగబడింది. ముందు నిధులు మంజూరవుతాయి, తర్వాత శంకుస్థాపన, తర్వాత రంగులు, ప్రారంభోత్సవం. లోపల ఎవరు కూర్చుంటారు, ఏం చేస్తారు అన్నది ఎవరూ అడగని ప్రశ్నగా మిగిలిపోతుంది.

కోస్తాలో అప్పటికే మొలకలున్నాయి. విశాఖపట్నంలో 1886లోనే సరస్వతీ నిలయం వచ్చింది. భీమవరం దగ్గర కుముదవల్లిలో 1897లో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం పుట్టింది. పట్నంలో ఇలాంటివి రావడం ఒక ఎత్తు, పల్లెటూళ్ళో రావడం మరో ఎత్తు. రాజమండ్రిలో వాసురాయ కవి పేరున ఒకటి, నాళం కృష్ణారావు గారు పెట్టింది మరొకటి నడిచి, చివరికి రెండూ ఒకటై గౌతమీ గ్రంథాలయమయ్యాయి. ఇవన్నీ ఎక్కడివక్కడ విడివిడిగా ఉండేవి. వాటికి ఒక తాడు పేనినవాడు అయ్యంకి వెంకటరమణయ్య.

1914 ఏప్రిల్‌లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. సభని నడిపించిన అయ్యంకికి అప్పటికి పాతికేళ్ళు నిండలేదు. మరుసటి ఏడాదే 'గ్రంథాలయ సర్వస్వము' పత్రిక మొదలుపెట్టారు. ఆ తర్వాత గ్రంథాలయ యాత్రలు. ఊరి నుంచి ఊరికి జట్టుగా నడిచి వెళ్ళడం, సాయంత్రం జనాన్ని పోగుచేసి మాట్లాడడం, లేని చోట ఒక పఠన మందిరం పెట్టించడం, ఉన్న చోట దాని మంచిచెడ్డలు చూడడం. ఇంత చేసినవారికి ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చింది. అప్పటికి ఆయనకి ఎనభై దాటాయి. ఆ బిరుదు అందుకున్న వృద్ధుణ్ణి కాక, బెజవాడ సభకి ఊరూరా ఉత్తరాలు రాసిన ఆ కుర్రవాణ్ణి మన పిల్లలకి పరిచయం చెయ్యాలని నా కోరిక.

లోపల ఏం జరిగేది

పఠన మందిరం అనగానే మన కళ్ళముందుకి నిశ్శబ్దంగా ఉన్న గది, 'మాట్లాడరాదు' అన్న బోర్డు వస్తాయి. ఆనాటి పల్లె గ్రంథాలయం అలా ఉండేది కాదు. ఎక్కువమందికి చదువు రాని ఊళ్ళో పత్రికని ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్ళు వినాలి. టపా ఏ రోజు వస్తే ఆ రోజు సాయంత్రం జనం చేరేవారు. చదివే కుర్రవాడు గొంతు సవరించుకుని మొదలుపెడితే, మధ్యలో ఎవరో ఆపి, ఫలానా ఊరు ఎక్కడుందిరా అబ్బాయీ అని అడుగుతారు. అడిగినదానికి జవాబు తెలియాలంటే పటం కావాలి. పటం కొనాలంటే చందా కావాలి. చందా ఇచ్చినవాడు రేపు వచ్చి లెక్క అడుగుతాడు. లెక్క చూపించాలంటే చిట్టా రాయాలి. ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఊరి వ్యవహారం నేర్పే బడి ఇంతకంటే ఏముంటుంది?

అదే గదిలో రాత్రిబడి నడిచేది. అక్కడే హరికథ, అక్కడే భజన, అక్కడే ఊరి తగువు మీద చర్చ, అక్కడే ఖద్దరు ప్రచారం. పుస్తకం ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చినవాడు సభ్యుడై, సభ్యుడు కార్యదర్శై, కార్యదర్శి సత్యాగ్రహంలోకి వెళ్ళిన ఊళ్ళు కోస్తాలో ఎన్నో ఉన్నాయి. అందుకే స్వాతంత్ర్యోద్యమ చరిత్ర రాసేవాళ్ళు గ్రంథాలయాల్ని పక్కనపెట్టి రాయలేరు.

వీటిలో నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది వేటపాలెం సారస్వత నికేతనం. చీరాల పక్కనే, ఇప్పటి బాపట్ల జిల్లాలో, మగ్గాల చప్పుడుకీ జీడిపప్పుకీ పేరుపడ్డ ఊరు. 1918 అక్టోబరు 15న ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి చొరవతో ఇది మొదలైంది. పెట్టింది ఊళ్ళోని యువజన సంఘం. ఈ మాట కాస్త ఆగి చూడదగ్గది. జమీందారు కాదు, మిషనరీ కాదు, తాలూకా బోర్డు కాదు, యువజన సంఘం. మూడేళ్ళు తిరక్కుండానే పక్కనున్న చీరాల-పేరాలలో జనం ఇళ్ళు వదిలి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట ఊరి బయట పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. మున్సిపాలిటీ పన్ను మాకొద్దని మొత్తం ఊరే కదిలిన ఆ 1921 గాలిలో ఈ సంస్థ పసితనం గడిచింది. ఎవరి ఊరికి వాళ్ళే పెద్దలన్న ధీమా ఆ ప్రాంతంలో ఎక్కడ చూసినా ఉండేది.

1929లో గాంధీజీ వచ్చి నికేతనం భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి నేటికీ అక్కడ భద్రంగా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు దాన్నే అడుగుతారు. నన్నడిగితే అసలైన ధనం బీరువాల్లో ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల తెలుగు పత్రికలు సంవత్సరాల వారీగా కుట్టించి పెట్టిన దొంతరలు అవి. ఆ కాగితాన్ని తిప్పడం కూడా ఒక విద్యే. అంచు పట్టుకుని లాగితే ముక్క చేతిలోకి వచ్చేస్తుంది. పుట కిందికి అరచెయ్యి పోనిచ్చి, మొత్తంగా ఎత్తి, అవతలికి వాల్చాలి. రంగు మారిన ఆ పుటల్లో యుద్ధ వార్తల పక్కనే తలనొప్పి మందు ప్రకటన, దాని కింద ఎవరో దానమిచ్చిన వార్త. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వస్తారు. రాజధానుల్లో దొరకని సంచిక ఒక నేతగాళ్ళ ఊళ్ళో దొరకడానికి కారణం ఒక్కటే. ఇవాళ్టి పత్రిక రేపటికి చరిత్ర అవుతుందని గ్రహించి, చదివి పారెయ్యకుండా దాచినవాళ్ళు తరం తర్వాత తరంగా ఆ ఊళ్ళో ఉన్నారు. ప్రభుత్వం చేతికి పోకుండా సొంత నిర్వహణలోనే నూరేళ్ళు దాటిన సంస్థ అది.

కాలవ మీద తేలిన గది

చోటు లేకపోతే ఏం చెయ్యాలన్న ప్రశ్నకి గుంటూరు జిల్లా కుర్రవాళ్ళు ఇచ్చిన జవాబు అద్భుతమైనది. పాతూరి నాగభూషణం 1907లో దుగ్గిరాల దగ్గర పెదపాలెంలో పుట్టారు. ఊళ్ళో గ్రంథాలయం నడిపిన అనుభవంతో 1934లో గ్రంథాలయ కార్యకర్తలకి శిక్షణ శిబిరం పెట్టారు. మరుసటి ఏడాది అక్టోబరులో పడవ గ్రంథాలయం నీటిలోకి దిగింది. కృష్ణా పశ్చిమ డెల్టా కాలవ మీద, కొల్లిపర నుంచి పెదవడ్లపూడి వరకు.

ఆ రోజుల్లో డెల్టా ఊళ్ళకి కాలవే రోడ్డు. ధాన్యం, సున్నం, పెళ్ళివారు అన్నీ పడవ మీదే వెళ్ళేవి. మరి పుస్తకం ఎందుకు వెళ్ళకూడదు? రేవు రేవుకీ ఆగుతుంది. గట్టు మీద ఎదురుచూసేవాళ్ళు చదివిన పుస్తకం ఇచ్చి కొత్తది పట్టుకెళతారు. ప్రయాణికులు పత్రికలు తిరగేస్తారు. భూమి కొనక్కర్లేదు, పునాది తవ్వక్కర్లేదు, ఏ ఒక్క ఊరి సొత్తూ కాదు కాబట్టి ఏ వీధి వాళ్ళకి దగ్గర, ఏ వీధి వాళ్ళకి దూరం అన్న తగువూ లేదు. పల్లెల్లో ఏ భవనం కట్టాలన్నా మొదటి గండం ఇదే అని తెలిసినవాళ్ళకి ఈ పడవ గొప్పతనం ఇట్టే అర్థమవుతుంది. పై వీధిలో కడితే కింది వాడవాళ్ళు గడప తొక్కరు. తొక్కనివ్వరు కూడా. ఆనాటి గ్రంథాలయాలు అన్నీ ఈ గోడ దాటాయని నేను చెప్పను. దాటినవి కొన్ని, దాటాలని చూసినవి కొన్ని. సభల్లో అందరికీ ప్రవేశం అని తీర్మానించి, ఊరికొచ్చి తలుపు దగ్గర మాట మార్చినవీ లేకపోలేదు. యువకులు కట్టారు కదా అని ఊరి కులం దానంతటదే మాయం కాదు. ఇప్పుడు కట్టబోయేవాళ్ళు మొదట తేల్చుకోవాల్సింది స్థలం ఏ వీధిలో అన్నదే.

అనుమతి కావాల్సిన చోట

తెలంగాణలో పని ఇంకా కష్టం. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వుతో నిజాం ప్రభుత్వం సభలకి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసింది. నలుగురు కూడితే అనుమానం, తెలుగులో కూడితే మరింత అనుమానం. 1921 నవంబరులో హైదరాబాదులో ఒక సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి ఆపేశారు. ఆ అవమానంతో రగిలిన యువకులు ఆ నెలలోనే ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. మాడపాటి హనుమంతరావు దాన్ని ముందుండి నడిపారు. సంఘం తలకెత్తుకున్న పనుల్లో ఊరూరా గ్రంథాలయాలు పెట్టడం ఒకటి. రాజకీయ సభ అంటే అనుమతి రాదు. గ్రంథాలయ మహాసభ అంటే కాస్త వీలుండేది. రైతులు వెట్టిచాకిరీ గురించి, పన్నుల గురించి నోరు విప్పడానికి ఆ పందిరే తొలి వేదిక అయ్యింది.

వట్టికోట ఆళ్వారుస్వామిని ఇక్కడ తలచుకోకుండా ముందుకి వెళ్ళలేను. నల్గొండ జిల్లా పేద ఇంట్లో 1915లో పుట్టి, ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపని చేస్తూ చదువు నేర్చిన మనిషి. ఇరవై మూడేళ్ళు వచ్చీరాని వయసులో, 1938లో, సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. అచ్చువేసిన పుస్తకాలు గంపలో పెట్టుకుని తిరిగి అమ్మారు. ఒకరి వంటింట్లో అక్షరం పట్టుకున్నవాడు తనలాంటి వాళ్ళ గుమ్మం దాకా అక్షరాన్ని మోసుకెళ్ళాడు. తర్వాత జైలుకి వెళ్ళాడు, నవలలు రాశాడు, 1961లో నలభై ఆరో ఏట పోయాడు.

మరి ఆడపిల్లలో? వాళ్ళకి గది ఒక్కటే చాలదు, గడప దాటడానికి సాకు కూడా కావాలి. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి కాకినాడలో పన్నెండు, పదమూడేళ్ళ వయసుకే ఆడవాళ్ళకి హిందీ పాఠశాల నడిపింది. ఉప్పు సత్యాగ్రహంలో జైళ్ళు చూసి వచ్చి మళ్ళీ చదువు మొదలుపెట్టింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, అమ్మాయిలకి హాస్టలు లేదు కాబట్టి కుదరదన్నారు. ఆమె పత్రికలో ప్రకటన వేసింది. చదువుకోవాలని ఉండీ ఇదే కారణంతో ఆగిపోయిన అమ్మాయిలు ఉంటే రాయండని. రాసినవాళ్ళందరినీ కలుపుకుని హాస్టలు వాళ్ళే పెట్టుకున్నారు. మనం హాస్టల్ కోసం ధర్నా చేసిన కథలు చాలా విన్నాం, అవీ అవసరమే. హాస్టల్ లేదన్న వాళ్ళకి హాస్టల్ చూపించి సీటు అడిగిన కథ ఇదొక్కటే నాకు తెలుసు. 1937లో మద్రాసు మైలాపూరులో చుట్టుపక్కల పిల్లల్ని చేర్చి 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అనే చిన్న సంఘం నడిపింది. అదే ఆంధ్ర మహిళా సభగా పెరిగింది. బళ్ళు, ఆసుపత్రులు, కళాశాలలు తర్వాత వచ్చాయి. మొదలైంది మాత్రం ఆడపిల్లలు సాయంత్రం కలుసుకునే ఒక ఇంటి నుంచే.

చట్టం వచ్చాక

ఇంత చేసిన ఆ సంస్థలు ఇవాళ ఎక్కడున్నాయి?

ఉద్యమకారులు ఒక న్యాయమైన కోరిక కోరారు. చందాల మీద ఎన్నాళ్ళని నడుపుతాం, గ్రంథపాలకుడికి జీతం ఎవరిస్తారు, ప్రజల పన్నులోంచి గ్రంథాలయానికి ఒక వాటా ఉండాలి అని. 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది. 1955లో హైదరాబాదు రాష్ట్రంలో మరొకటి. రెండిటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం. ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను దాని చలవే. జిల్లాకో గ్రంథాలయ సంస్థ ఏర్పడింది. జీతాలు, భవనాలు, పుస్తకాల కొనుగోలు వచ్చాయి. ఈ మేలుని తక్కువ చెయ్యకూడదు. లక్షలమంది పేద పిల్లలు ఆ శాఖా గ్రంథాలయాల్లోనే చదివి పైకొచ్చారు.

కానీ వాటితోపాటే ఒకటి పోయింది. పుస్తకం ఏది కొనాలో, తలుపు ఎప్పుడు తీయాలో, గదిలో ఏ పని జరగాలో ఊరి కుర్రవాళ్ళు తేల్చే రోజు పోయింది. సంస్థ అధ్యక్షుణ్ణి ప్రభుత్వం నియమిస్తుంది. ఉద్యోగులకి సెలవైతే తలుపు తెరుచుకోదు. పంచాయతీలు, మున్సిపాలిటీలు వసూలు చేసిన గ్రంథాలయ పన్ను జమచెయ్యక బకాయిలు పేరుకుపోయాయన్న వార్త మనం తరచు చదువుతూనే ఉంటాం. ఆ వార్త చదివి ఊరి కుర్రవాడికి కోపం రాదు. వాడి గది అయితే కదా కోపం రావడానికి.

ఇలాగే జరగాలని రాసిపెట్టి ఏమీ లేదు. పక్కనే కేరళ ఉంది. పి.ఎన్. పణిక్కర్ పదిహేడేళ్ళ వయసులో, 1926లో, తన ఊరు నీలంపేరూరులో గ్రంథాలయం పెట్టాడు. 1945లో 47 గ్రంథాలయాల్ని కలిపి సంఘం కట్టాడు. అక్కడా 1977లో ప్రభుత్వం సంఘాన్ని తన చేతిలోకి తీసుకుంది. అయితే 1989 చట్టంతో తిరిగి పాలకవర్గాలకి ఎన్నికలు పెట్టింది. ఊళ్ళో గ్రంథాలయాన్ని ఊరి సభ్యులు ఎన్నుకున్న కమిటీయే నడుపుతుంది. తాలూకా, జిల్లా, రాష్ట్ర మండళ్ళు ఆ కమిటీల మీద నిలబడతాయి. డబ్బు గ్రాంటుగా వస్తుంది, పెత్తనం ఊళ్ళోనే ఉంటుంది. పిల్లలకి బాలవేది, ఆడవాళ్ళకి వనితావేది అక్కడే నడుస్తాయి. మండలికి అనుబంధంగా ఎనిమిది వేలకు పైగా గ్రంథాలయాలు ఉన్నాయి. రెండు చోట్లా ఉద్యమం పుట్టింది ఇంచుమించు ఒకే తీరున, కుర్రవాళ్ళ చొరవతో. పన్ను డబ్బుతోపాటు పెత్తనాన్ని కూడా మనం జిల్లా కేంద్రానికి పంపించాం, వాళ్ళు ఊళ్ళోకి తిరిగి తెచ్చుకున్నారు. తేడా అక్కడుంది.

హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయానికి ఏ రోజు వెళ్ళినా యువతీయువకులు కిటకిటలాడుతుంటారు. లోపల చోటు చాలక ఆవరణలో, చెట్ల కింద కుర్చీలు వేసుకుని గ్రూప్స్‌కీ, పోలీసు ఉద్యోగాలకీ చదువుతుంటారు. ఊరి నుంచి వచ్చి, చిన్న గదిలో నలుగురు సర్దుకుని, పొద్దున్నే కుర్చీ పట్టుకోవడానికి పరుగెత్తేవాళ్ళు. వాళ్ళ పట్టుదలకి చెయ్యెత్తి మొక్కాలి. అయినా ఒక దిగులు. పక్కపక్కనే నెలల తరబడి కూర్చున్నా ఆ చోటు వాళ్ళది కాదు. ఉద్యోగం వచ్చిన రోజు వెళ్ళిపోతారు, రాకపోతే వయసు మీరిన రోజు వెళ్ళిపోతారు. ఇంత తెలివి, ఇంత ఓపిక ఒకచోట పోగై ఉంటే, దానిలో పదోవంతు వాళ్ళ ఊరికి అందే దారి మనం వెయ్యలేకపోయాం.

ఇవాళ మొదలుపెట్టాలంటే

మొదలుపెట్టాలంటే భవనం అక్కర్లేదని పై కథలన్నీ చెబుతున్నాయి. ఊళ్ళో ఖాళీగా ఉన్న గది ఏదో అందరికీ తెలుసు. బాబాయ్, మీ పాత కొట్టు సాయంత్రాలు మాకివ్వకూడదూ, ఊడ్చి దీపం పెట్టుకుంటాం అని నలుగురు వెళ్ళి అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. పెద్దాయన మొదట అడిగేది ఒక్కటే: రాత్రి పదకొండింటికి గోల చెయ్యరు కదా? ఆ మాటకి నిలబడితే రెండో నెలలో ఆయనే పాత బల్ల ఒకటి పంపిస్తాడు. పుస్తకాలతోనే మొదలుకావాలని కూడా లేదు. కారమ్స్ బోర్డు, దినపత్రికలు, ప్రభుత్వ దరఖాస్తులు నింపిపెట్టే ఒక కంప్యూటరు, పదో తరగతి పిల్లలకి లెక్కలు చెప్పే ఒక ఇంజినీరింగు కుర్రాడు ఉంటే చాలు, జనం వస్తారు. ఆడపిల్లలకి మాత్రం వేళలు ముందే రాసి గోడకి అంటించాలి. ఆ వేళల్లో తలుపు తీసే బాధ్యత కూడా ఒక అమ్మాయిదే కావాలి. లేకపోతే రెండో వారానికి అది మగపిల్లల గది అయిపోతుంది.

కాగితం పని వాయిదా వెయ్యకూడదు. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. ఏడుగురు సభ్యులు ఉంటే సంఘాన్ని నమోదు చేసుకోవచ్చు. రేపు ఎవరైనా పెద్దమనసుతో సెంటు భూమి ఇస్తామన్నా, అది నోటిమాటగా ఉండకూడదు. దానపత్రం సంఘం పేరు మీద రిజిస్టరు కావాలి. ఇచ్చిన తాత మంచివాడే. ఆయన మనవడు నగరం నుంచి దిగి భూమి ధర అడిగిన రోజున కాగితమే నిలబడుతుంది. మంచి మాట మీద కట్టిన ఎన్నో పఠన మందిరాలు ఆ ఒక్క రిజిస్ట్రేషన్ లేక దుకాణాలుగా మారాయి.

తాళం వేసి ఉన్న కమ్యూనిటీ హాళ్ళని కూడా ఇలా నమోదైన యువజన సంఘాలకి పంచాయతీలు రాతపూర్వకంగా అప్పగించవచ్చు. సాయంత్రాలు వాళ్ళవి, పెళ్ళిళ్ళకీ పోలింగుకీ ముందు చెప్పి వాడుకునే హక్కు ఊరిది. కరెంటు బిల్లు ఎవరు కట్టాలో, పగిలిన కిటికీ ఎవరు బాగుచేయించాలో ఆ కాగితంలోనే రాసుకోవాలి. సర్పంచులు దీనికి భయపడతారు, కుర్రవాళ్ళకి ఇస్తే రాజకీయం చేస్తారని. చెయ్యనివ్వండి. ఊరి మంచినీళ్ళ గురించి, ఊరి బడి గురించి ఇరవై ఏళ్ళవాళ్ళు మాట్లాడుకోవడం రాజకీయమే అయితే ఆ రాజకీయం కొరవడే మన ఊళ్ళు ఇలా ఉన్నాయి.

ఇంకొక్క జాగ్రత్త. పాత గ్రంథాలయాలు చాలావరకు శత్రువుల వల్ల చావలేదు. పెట్టిన కుర్రవాళ్ళే ముసలివాళ్ళై, పదవులు వదలక, కొత్తవాళ్ళని రానివ్వక కొన్ని కన్నుమూశాయి. ఇరవయ్యో ఏట కార్యదర్శి అయినవాడు అరవయ్యో ఏటా కార్యదర్శిగానే ఉంటే ఊళ్ళో మూడు తరాల కుర్రవాళ్ళు గుమ్మం బయటే పెరిగినట్టు. అందుకని సంఘం నిబంధనావళి రాసేటప్పుడే కార్యవర్గంలో సగం మంది పాతికేళ్ళ లోపు వాళ్ళు ఉండాలనీ, ఒక పదవిలో ఎవరూ రెండు విడతలకి మించి ఉండరాదనీ, పదవులు ఆడపిల్లలకీ సమంగా రావాలనీ చేర్చుకోవాలి. ఆ నిబంధనావళి కాపీ రిజిస్ట్రారు దగ్గర దాఖలవుతుంది. తర్వాత ఎవరికి పదవి మీద మమకారం పుట్టినా దాన్ని మార్చాలంటే సర్వసభ్య సమావేశం పిలిచి, కుర్రవాళ్ళందరి ముందూ నిలబడి అడగాల్సి ఉంటుంది.